మన వీధుల్లో కాలిబాట ఎటుపోయింది?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను బెల్లంకొండ వాడిని గనుక కోట గురించి రాస్తాననుకుని ఉంటారు. రెడ్డిరాజులు, గజపతులు, 1515లో శ్రీకృష్ణదేవరాయల దండయాత్ర, ఇవన్నీ మనం విన్నవే. కొండమీది కోటను పెద్దలకు వదిలి, కొండ కింద బజారు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఎందుకో ముందు చెప్పాలి.

కిందటి సంవత్సరం నా స్నేహితుడొకరు, రిటైరైన ఉపాధ్యాయుడు, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి పక్క పట్నంలోని బ్యాంకుకు బయలుదేరారు. బస్సు దిగి సైడుకాలవ మీది పలకల వెంట నడుస్తున్నారు. ఒకచోట బడ్డీకొట్టు అడ్డం వచ్చింది. పలక దిగి రోడ్డుమీదికి కాలు పెట్టబోయారు. వెనకనుంచి వచ్చిన మోటారుసైకిల్ తగలనైనా లేదు, హారన్ కొట్టింది, అంతే. తొట్రుపడి కూలబడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, మనిషి బతికారు. కాని ఆనాటి నుంచి ఆయన గడప దాటి బజారు చూడలేదు. ఈ మధ్య నేను పనిగట్టుకుని వెళ్ళి ఆయన దిగబోయిన పలక ఎత్తు కొలిచాను. పదకొండు అంగుళాలు ఉంది. మన ఇళ్ళల్లో మెట్టు ఆరేడు అంగుళాలకు మించి కట్టుకోము.

ఆ ఊరి పేరు, ఆ మునిసిపాలిటీ పేరు ఎందుకులెండి. నేను ఓవర్సీరుగా ముప్పై అయిదేళ్ళు పనిచేసినవాడిని. అటువంటి పలకలు నా చేతులమీదుగా కూడా ఎన్నో వేయించాను. కాలవ పూడు సులువుగా తియ్యాలి, వర్షం నీరు పైకి పొర్లకూడదు, కాంట్రాక్టరు బిల్లు తేలాలి. ఇవే చూశాను తప్ప, డెబ్బై ఏళ్ళ మనిషి దానిమీదికి ఎలా ఎక్కుతాడు, ఎలా దిగుతాడు అని ఒక్కనాడు ఆలోచించలేదు. ఇప్పుడు నా మోకాళ్ళే నాకు గుర్తు చేస్తున్నాయి.

నా చిన్నతనంలో, అంటే 1950లలో, బెల్లంకొండలో కాలిబాట అన్న మాట ఎవరి నోటా వినలేదు. దాని అవసరం లేదు గనుక. బజారు మొత్తం కాలిబాటే. ఎద్దుబండి నడక, మనిషి నడక దాదాపు ఒకటే. బండి వస్తోందంటే ఎద్దుల మెడలో గంటలు ముందే చెప్పేవి. పక్కకు తప్పుకోవడానికి కావలసినంత వ్యవధి ఉండేది. పశువుల మందలకు ఊరి పక్కన డొంక వేరుగా ఉండేది. గుంటూరు-మాచర్ల లైనులో మా ఊరి పేరిట స్టేషనుంది. ఆనాడది మీటరుగేజి. రైలు దిగినవాళ్ళు నెత్తిన మూట పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ నడిచేవాళ్ళు. బజారుకు రెండువైపులా అరుగులు ఉండేవి. అలసిన ముసలివాళ్ళు ఎవరి అరుగుమీదైనా కూర్చోవచ్చు, అడగనక్కరలేదు. అడిగితే ఇంటివాళ్ళకు కోపం వచ్చేది. ఇప్పుడు ఇంజనీర్లు పుస్తకాల్లో, వృద్ధుల కోసం కొంత దూరానికొక బెంచీ వెయ్యాలని రాస్తున్నారు. మన అరుగులు చేసిన పని అదే.

అంతా బాగుండేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. వానాకాలం మోకాలిలోతు బురద. రాత్రి దీపం లేదు. కొన్ని బజార్లలో కొందరు చెప్పులు వేసుకుని నడవకూడదన్న కట్టుబాటు చాలా ఊళ్ళలో ఉన్నట్టే ఉండేది. నడిచే హక్కు అందరికీ ఒకేరకంగా ఉండేది కాదు. అది కూడా చరిత్రే గనుక దాచకుండా చెప్పాలి.

ఇక రాయి సంగతి. కాలిబాటకు రాయి కావాలంటే పలనాడు దాటి పోనక్కరలేదు. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ వైపు భూమి పైపొర తీస్తే సున్నపురాయి. పలకలుగా విడిపోయే నాపరాయి కోస్తా జిల్లాల్లో ఎన్ని ఇళ్ళకు గచ్చు అయిందో లెక్కలేదు. అమరావతి స్తూపానికి చెక్కినది పలనాటి సున్నపురాయే. ఆ శిల్పాలు మద్రాసు మ్యూజియానికి, లండన్ బ్రిటిష్ మ్యూజియానికి కూడా చేరాయి. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, కృష్ణ ఒడ్డున స్నానఘట్టం కట్టారు. 1954-60 మధ్య డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో ఆ లోయంతా బయటపడింది. సాగర్ నీటిలో మునగకముందే ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి, అనుపుకు తరలించి మళ్ళీ నిలబెట్టారు. మనవళ్ళను తీసుకుని అనుపు వెళ్ళినవాళ్ళు అక్కడి ప్రేక్షకశాల మెట్లు చూసే ఉంటారు. పదిహేడు వందల ఏళ్ళనాడు మనిషి కాలి కింద వరుసగా రాయి పేర్చడం తెలిసిన సీమ మనది. ఊరూరికీ గచ్చు అమ్మిన పలనాటిలో నడవడానికి నాలుగడుగుల చదును చోటు దొరకడం లేదు.

పట్నాల్లో కథ వేరుగా మొదలైంది. ఐరోపాలో పెద్ద పట్నాలు బండ్ల దారినీ మనుషుల దారినీ ముందే విడదీశాయి. లండన్‌లో 1762లో వెస్ట్‌మినిస్టర్ ప్రాంతానికి చేసిన చట్టంతో రాతి ఫుట్‌పాత్‌లు పెరిగాయంటారు. మన వైపు 1865లో మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం వచ్చాక, 1866లో గుంటూరు మునిసిపాలిటీ ఏర్పడింది. తరువాత 1884లో ఒక చట్టం, 1920లో మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చాయి. నరసరావుపేట 1915లో మునిసిపాలిటీ అయింది. గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేటలు చూసినవారికి తెలుసు, అక్కడ లైన్లు గళ్ళపుస్తకంలో గీతల్లా ఉంటాయి. అంటే మనుషులు, బండ్లు ఎటు పోవాలో ముందు గీసి, ఆ తరువాత ఇళ్ళు కట్టించారు.

1920 చట్టంలో 'పబ్లిక్ వీధి' అంటే ఏమిటో చెప్పిన భాగం నా ఉద్యోగంలో నేను కంఠస్థం చేసినది. వీధి అంటే బండ్లు పోయే నడిమి భాగం ఒక్కటే కాదు. దాని పక్క కాలిబాట, కాలవ, ఆపైన పక్క ఆస్తి హద్దు వరకు ఉన్న నేల యావత్తూ వీధే. ఆ నేలమీద ఎవరైనా వరండా దించినా, గచ్చు చేసినా, అది వీధి కాకుండా పోదు. ఇదే భావం మన 1965 ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టంలోకీ వచ్చింది. కాబట్టి నడిచేవాడి చోటును ఏ ప్రభుత్వమూ, ఏ చట్టమూ తీసెయ్యలేదు. కాగితం మీద అది వందేళ్ళుగా భద్రంగా ఉంది.

మరి నేలమీద? 1970లలో ఒక పట్నంలో బజారు సర్వే చెయ్యమని నన్ను పంపారు. మ్యాపులో నలభై అడుగుల వీధి. గొలుసు పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు కొలిస్తే ఇరవై ఆరు వచ్చింది. మళ్ళీ కొలిచాను, ఇరవై ఆరే. పద్నాలుగు అడుగులు ఎవరు తిన్నారు? చిత్రమేమిటంటే, ఎవరూ ఒక్కసారిగా తినలేదు. ఒకాయన తాతగారు అరుగు కట్టారు. తండ్రిగారు అరుగుమీద తాటాకు పందిరి వేశారు. కొడుకు పందిరి తీసి రేకులు వేశాడు. మనవడు రేకుల కింద గోడ కట్టి షాపు పెట్టి, షాపు ముందు మళ్ళీ అరుగు కట్టాడు. ఒక్కో తరం రెండడుగులు. మన అరుగు ముసలివాళ్ళను కూర్చోబెట్టిందని పైన పొగిడాను. బాట మింగడం మొదలుపెట్టింది కూడా ఆ అరుగే.

తప్పు జనానిదే అంటే అన్యాయం. పట్నాల్లో రోడ్డుపక్క గంప దించినవాళ్ళ దగ్గర ఆశీలు వసూలుచేసే హక్కును ఏటేటా వేలం వేసేవారు. పాటదారు ఎంత ఎక్కువ మందిని కూర్చోబెడితే అంత లాభం. ఒక చేత్తో ఆక్రమణ నోటీసు ఇస్తాం, ఇంకో చేత్తో రసీదు ఇస్తాం. ఆ రెండు కాగితాలమీదా నా సంతకాలే ఉన్న రోజులు ఉన్నాయి. ఆ గంపల వాళ్ళమీద నాకు కోపం లేదు. ఇవాళ మనం కూరలు కొనేది వాళ్ళ దగ్గరే. వాళ్ళకు చోటు చూపించే బాధ్యత ఎవరూ తీసుకోకపోవడం వల్ల వాళ్ళు మన చోటులో కూర్చున్నారు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చి, పట్నంలో వాళ్ళకు స్థలాలు నిర్ణయించడానికి కమిటీలు వెయ్యాలని చెప్పింది. ఆ చట్టం సరిగా నడిస్తే నడిచేవాడికీ అమ్మేవాడికీ తగవు ఉండదు.

ఇక మోటారు వచ్చింది. బండి వేగం, మనిషి వేగం ఒకటిగా ఉన్నంతకాలం ఇరుకైనా సర్దుకున్నాం. మోటారుతో ఆ సర్దుబాటు చెడింది. 1985లో మండలాలు ఏర్పడి మా బెల్లంకొండ మండల కేంద్రమైంది. ఆఫీసులు, వాటి చుట్టూ జిరాక్సు షాపులు, హోటళ్ళు, ఆటోలు వచ్చాయి. ఊరు పెరగడం సంతోషమే. రోడ్డు వెడల్పు మాత్రం తాలూకా రోజులదే. ఆ తరువాత సిమెంటు రోడ్లు వచ్చాయి, 2005 నాటి ఉపాధి హామీ చట్టం తరువాత మరీ ఎక్కువగా. బురద పోయింది, దానికి దణ్ణం పెట్టాలి. కాని పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే పోస్తూ వచ్చారు. పోసినప్పుడల్లా నాలుగైదు అంగుళాలు పెరిగింది. ఇళ్ళు పల్లమై వాననీరు లోపలికి వస్తుంటే, జనం గడప ఎత్తు చేసి, మోటారుసైకిల్ ఎక్కడానికి ఇంటిముందు కాలవమీద చప్టా పోసుకున్నారు. ఒకరి చప్టా ఎత్తు, పక్కవారిది పల్లం, ఆ పక్కది ఏటవాలు. గోడ నుంచి గోడకు సిమెంటు, దానికి అంచులో ఈ చప్టాలు. కాలిబాట ఉండవలసిన చోటంతా ఇలా ఎగుడుదిగుళ్ళతో నిండింది. కర్ర పట్టుకున్నవాడు గాని, చక్రాల కుర్చీలో కూర్చున్నవాడు గాని, చంటిబిడ్డ తల్లి గాని నడిరోడ్డు మీదికి దిగక తప్పదు.

రోడ్డు దాటడం సంగతి కూడా లెక్కవేసి చూడండి. రెండు వరుసల రోడ్డు వెడల్పు 7 మీటర్లు. ఇంజనీర్లు సాధారణంగా మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క వేస్తారు. అతను 6 సెకన్లలో దాటుతాడు. మన వయసువాళ్ళు చాలామంది సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే గొప్ప. మనకు 9 సెకన్లు కావాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆ మిగిలిన 3 సెకన్లలో 40 మీటర్లు పైగా వస్తుంది. చూసుకునే బయలుదేరాం అని మనం అంటాం, చూసుకోకుండా అడ్డం వచ్చాడని డ్రైవరు అంటాడు. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. నార్కెట్‌పల్లి-అద్దంకి రోడ్డు నాలుగు వరుసలైన తరువాత ఆ దారిలోని ఊళ్ళవాళ్ళకు ఈ లెక్క రెట్టింపైంది. నడుమ డివైడరు దగ్గర ఆగి నిలబడే చోటుంటే రెండు విడతలుగా దాటవచ్చు. అది లేనిచోట పరుగెత్తాలి, పరుగెత్తే వయసా మనది?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది పాదచారులు. రోజుకు తొంభైమంది. వాళ్ళలో ఎవరూ వేగంగా నడిపినవాళ్ళు కారు, తాగి నడిపినవాళ్ళు కారు, నడిచినవాళ్ళు.

చట్టం మాటకు వద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలైంది. దానికింద అదే సంవత్సరం వచ్చిన రోడ్డు నియమాల్లో, ఫుట్‌పాత్ ఉన్నచోట దానిమీద మోటారు వాహనం నడపరాదని రాశారు. ఫుట్‌పాత్ ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో మార్గదర్శకాలు ఇచ్చి 2012లో సవరించింది. ఆటంకం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. అంటే ఆరంగుళాలు. నా స్నేహితుడి పలక పదకొండు అంగుళాలని పైన చెప్పాను. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఫుట్‌పాత్ అంచులు వాలుగా కొయ్యాలని, అంధులకోసం సిగ్నళ్ళ దగ్గర శబ్దం ఏర్పాటు చెయ్యాలని ఉంది. అయితే 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న మాట కూడా ఉంది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఆ మాట ఎంత చుట్టమో వేరే చెప్పాలా? దాని స్థానంలో 2016లో వచ్చిన చట్టం మరింత గట్టిగా ఉంది.

ఏటా డిసెంబరు 17న మనం పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటాం. 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో పింఛను ప్రభుత్వ దయాధర్మం కాదు, హక్కు అని తీర్పు ఇచ్చింది. ఆ ధర్మాసనానికి పెద్దగా ఉన్న ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌గారే 1985లో బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల కేసు విన్నారు. జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని అందులో ఒప్పుకున్నారు. అయితే ఫుట్‌పాత్ నడిచేవారి సౌకర్యం కోసం ఉన్న ప్రజల ఆస్తి అని, దాన్ని సొంతానికి వాడుకునే హక్కు ఎవరికీ లేదని కూడా చెప్పారు. వానాకాలం వెళ్ళేదాకా వాళ్ళను కదిలించవద్దన్నారు. రెండు వైపులా చూసిన తీర్పు అది. నలభై ఏళ్ళ తరువాత, 2025 మే 14న, సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కింది. ఆటంకాలు లేని ఫుట్‌పాత్ పొందడం రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కేనని, అవి దివ్యాంగులకు కూడా అనువుగా ఉండాలని చెప్పి, రాష్ట్రాలు మార్గదర్శకాలు చెయ్యాలని ఆదేశించింది. పింఛనుకు నకారా ఎటువంటిదో నడకకు ఇది అటువంటిదని నా అభిప్రాయం. ఆ తీర్పును మనవాళ్ళు కాగితం మీదే ఉంచి ఊరుకోలేదు, సంఘాలు పెట్టి అర్జీల మీద అర్జీలు ఇచ్చి సాధించుకున్నారు.

చేసిచూపినవాళ్ళు లేకపోలేదు. మద్రాసు త్యాగరాయనగర్ మన తెలుగువాడైన పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరిట వెలిసింది. అక్కడి పానగల్ పార్కు పానగల్ రాజాగారి పేరిటది. పెళ్ళిబట్టలకు మనవాళ్ళు వెళ్ళే పాండీబజారు ఆ పక్కనే. ఒకప్పుడు భుజం భుజం రాసుకోకుండా అక్కడ నడవగలిగామా? చెన్నై కార్పొరేషన్ 2014లో నడిచేవారికి, సైకిళ్ళకు ప్రాధాన్యమిచ్చే విధానం ప్రకటించింది. 2019 నవంబరులో పాండీబజారులో వాహనాల దారిని కుదించి, ఫుట్‌పాత్‌ను వెడల్పు చేసి తెరిచారు. హైదరాబాదు చార్మినారు చుట్టూ వాహనాలు మానిపించాలనే పథకం 1990లలో మొదలై ఒక రూపానికి రావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. విశాఖ బీచ్‌రోడ్డులో ఉదయం పూట కొంతసేపు వాహనాలు ఆపి నడిచేవాళ్ళకు వదులుతారు. దీనికి పైసా ఖర్చు లేదు, రెండు బారికేడ్లు చాలు.

అంత దూరం ఎందుకు, మన కోటప్పకొండ తిరునాళ్ళనే చూడండి. శివరాత్రికి ప్రభలు కదిలాయంటే కరెంటు తీగలు విప్పి దారి ఇస్తారు. లారీలు చుట్టుతిరిగి పోతాయి. లక్షలమంది నడుస్తారు. ఏ ఆఫీసరూ అది కుదరదనడు. అదే సీమలో, బడి వదిలే పావుగంట బడి ముందు రోడ్డుమీద ఆటోలు ఆపమంటే మాత్రం కుదరదంటారు.

ఫోనులోనే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు, ఇంకా బ్యాంకుదాకా నడవడమెందుకు అని మా అబ్బాయి అంటాడు. నిజమే, ఆ సౌకర్యముంది. ఈసారి నేనూ అలాగే ఇచ్చాను. కాని గుడికి, మందుల షాపుకు, పరామర్శకు, నలుగురితో కూర్చుని మాట్లాడటానికి ఫోను నాకు బదులుగా వెళ్ళదు.

కిందటి నెలలో మా ఊళ్ళో నలుగురం రిటైరైనవాళ్ళం టేపు పట్టుకుని, బస్సు ఆగేచోటు నుంచి బజారు వెంట నడుస్తూ ప్రతి పలక, ప్రతి చప్టా ఎత్తు నోటుపుస్తకంలో రాసుకున్నాం. పలకలు లేక నోరు తెరుచుకున్న కాలవ చోట్లు, వీధిదీపం లేని మలుపులు విడిగా రాశాం. ఆక్రమణల జోలికి ఇప్పుడే పోలేదు. అది పెద్ద తగవు, సర్వేయరు రావాలి. ఆరంగుళాలకు మించిన పలకలకు పక్కన వాలు పొయ్యడం, ఖాళీలకు నాపరాళ్ళు కప్పడం, బడి దగ్గర తెల్లచారలు గియ్యడం, ఈ మూడే అర్జీలో అడిగాం. చారలంటే గుర్తొచ్చింది, ఆ జీబ్రా చారలు 1951లో బ్రిటన్‌లో మొదలయ్యాయి. డెబ్బై ఏళ్ళు దాటాయి, మా ఊరికి ఇంకా రావాలి. అర్జీలో ఏ ఇంటివారి పేరూ రాయలేదు. నా హయాంలో వేసిన పలకల సంగతి మాత్రం పైన మీకు రాశాను.

మీమీ ఊళ్ళలో కూడా కొలవాలనుకునేవారికి ముప్పై మీటర్ల టేపు, ఒక సుద్దముక్క, ఇద్దరు మనుషులు చాలు. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టండి, ఎండ ముదరకముందే, ఆటోలు రాకముందే అయిపోతుంది. కొలతలు అడుగుల్లో కాకుండా సెంటీమీటర్లలో రాయండి, ఇప్పటి ఇంజనీర్లకు అవే కావాలి.